గెట్టి నేల, కెట్ట నేల

ముప్పై నలభై ఏళ్లు కచేరీల్లో కలం అరగదీసి, తల నెరిశాక అరుగు మీద తీరిగ్గా కూర్చుని రాసేవి ఉద్యోగ జ్ఞాపకాలు. నేను పనిచేసింది పద్నాలుగు నెలలు. ఇరవై మూడో ఏట ఉద్యోగమే నన్ను విరమించుకుంది. అయినా మిషను బడుల్లో చదువు ముగించి, కాగితం రాసే పని దొరికిందని పొంగిపోతున్న చెల్లెళ్లకు చెప్పదగ్గ సంగతి ఒకటి నా దగ్గర ఉంది. బిడ్డ నిద్రలో కదిలేలోపు చెప్పేస్తాను.

కుంపిణీవారి రాజ్యం పోయి రాణిగారి రాజ్యం వచ్చిందని కోయంబత్తూరు సంతలో తప్పెట కొట్టి చాటిన కొత్తరోజులవి. మాకు తెలిసినంతలో తేడా ఏమిటంటే, ముద్ర మారింది, కాగితాలు పెరిగాయి.

నేను మదురైలో పుట్టాను. నూలుకు రంగులద్దే తెలుగువాళ్లం. మా నాయన మిషనులో కలిశాక నన్ను బోర్డింగు బడిలో వేశాడు. ఉపాధ్యాయినుల తరగతి దాకా చదివాను. తమిళం బాగా వచ్చు, ఇంగ్లీషు పని గడిచేంత వచ్చు. తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడటమే తప్ప అప్పట్లో ఒక్క అక్షరం రాయడం రాదు. ఈ అక్షరాలు ఆ తర్వాత పంతం పట్టి నేర్చుకున్నవి. పంతం ఎందుకు పుట్టిందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పెళ్లయ్యాక కోయంబత్తూరు వచ్చాను. మా ఆయన మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. నేను అక్కడి ఆడపిల్లల బడిలో చేరాను. ఊరి బయట, అన్నూరుకు పోయే బండిబాట పక్కన ఉండేది ఆ బడి. బోర్డింగులో ఇరవై ఇద్దరు పిల్లలు. అందరికంటే చిన్నదానికి ఐదేళ్లు. రాత్రిళ్లు వాళ్లు పడుకునేది ఒకప్పటి గుర్రాలశాలలో. గుర్రాలకు అది సరిపోవడం లేదని మిషను నడిపే పాదిరి దొరగారు వాటికి వేరే శాల కట్టించారు, పాతది పిల్లలకు ఇచ్చారు.

ఆ ఏడు పిల్లలకు కొత్త ఇల్లు కట్టాలని మిషను తీర్మానించింది. ఒక పొడుగాటి పడక గది, దానికి ఆనుకుని రెండు చిన్న గదులు. ఆ రెండు గదులు నావి. రాత్రింబవళ్లు పిల్లలను కనిపెట్టుకుని ఉండే పని నాకు ఇస్తామన్నారు. నా కూతురికి అప్పుడు ఐదు నెలలు. మేము అద్దెకున్న గదిలో పైకప్పు నుంచి తేళ్లు పడేవి. నేను ఉయ్యాల మీద జల్లెడ బోర్లించి పాఠాలు చెప్పడానికి పోయేదాన్ని. రెండు గదులు అనగానే నాకు మోక్షం వచ్చినంత పని అయింది.

మిషను కొన్న స్థలం రెండు రకాలు. తూర్పు సగం నల్లరేగడి. మావాళ్లు అరవంలో చెప్పినట్టే కరిసల్ అంటారు. అంతకుముందు పత్తి వేసేవారు. పడమటి సగం ఎర్రటి గరప నేల, కాలు పెడితే రాళ్లు గుచ్చుకునేవి. దొరసానిగారు తూర్పు వైపు నిలబడి చూశారు. అక్కడి నుంచి నీలగిరి కొండలు కనిపిస్తాయి, సాయంత్రం చల్లగాలి తగులుతుంది. పడమటి వైపు నిలబడితే మా బడి వంటిల్లు కనిపిస్తుంది, పొగ తగులుతుంది. ఇల్లు తూర్పున ఉంటే బాగుంటుందని ఆమె అన్నారు. అంతే, ఆ నేల సగం పరీక్ష నెగ్గేసింది.

మిగిలిన సగం దొరగారి పుస్తకం నెగ్గించింది. ఇల్లు కట్టే విధానం గురించి ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. రాసినాయన నల్లరేగడిని చూసిన పాపాన పోయి ఉండడు. నేల గట్టితనం తెలియాలంటే ఇనుప చువ్వ దిగగొట్టి చూడమని అందులో ఉంది. నడివేసవిలో రేగడి ఇనుముతో పందెం కడుతుంది. తూర్పున కొట్టిన చువ్వ ఖంగుమని మోగి, వంగింది గాని జానెడు కూడా దిగలేదు. పడమట రాళ్ల సందు దొరికి మూరెడు దిగిపోయింది. దొరగారు పుస్తకంలో వేలు పెట్టి, చువ్వ వైపు చూసి, తృప్తిగా తల ఆడించారు.

తూర్పు నేలలో పగుళ్లు ఉన్నాయి. చిన్నవి కావు. ఒక చేతికర్ర దింపి చూస్తే పిడి దాకా దిగింది. నా కూతురి చెక్క గిలక్కాయ ఒకటి ఆ పగుల్లో పడితే తీయలేకపోయాం. ఇప్పటికీ అది అక్కడే ఉండాలి. ఆ రోజు నుంచి అక్కడ బిడ్డను చంక దించలేదు. పగుళ్ల మాట దొరగారితో అన్నాను. ఆయన తమిళం బైబిలు చదివి నేర్చుకున్నారు కాబట్టి ఆయన మాట ఎప్పుడూ కొండ మీది నుంచి వచ్చినట్టే ఉండేది.

"ఓ స్త్రీ, కలవరపడకుము. ఇవి ఎండవలన కలిగిన గీతలు. గృహము లేచినప్పుడు ఇవి మూసికొనును."

మూసుకుంటాయన్న మాట నిజమే. ఎలా మూసుకుంటాయన్నదే తేడా.

ఇక్కడితో అయిపోవలసింది. కాని మద్రాసులో ఉన్న మిషను కమిటీవారికి ఒక నియమం ఉంది. నేల పని తెలిసిన స్థానికుల వాంగ్మూలం ఒకటి జిల్లా భాషలో రాయించి, నిశానీ పెట్టించి, ఇంగ్లీషు తర్జుమాతో పంపాలి. జిల్లా భాష అంటే తమిళం. ఆ చుట్టుపక్కల బావులు తవ్వేవాళ్లు, చెరువు గట్లు పోసేవాళ్లు తెలుగువాళ్లు. రెండు వందల ఏళ్లుగా ఆ గడ్డ మీద ఉన్నా, మన్నుతో మాట్లాడేది తెలుగులోనే. బడి మున్షీగారు తమిళ పండితుడు. తెలుగు అనే భాష ఉన్నట్టు ఆయన విన్నారు, అంతే. అందుకని మధ్యలో నన్ను పెట్టారు. తవ్వేవాళ్లు తెలుగులో చెబితే నేను తమిళంలో రాసుకోవాలి, దాన్ని మున్షీగారు శుభ్రంగా తిరగరాయాలి, దొరగారు ఇంగ్లీషు చేయాలి. ఒక మాట మూడు గుమ్మాలు దాటి పోవాలన్నమాట.

తవ్వేవాళ్ల పెద్ద ఒక ముసలామె. మొగుడు పోయాక ముఠా అంతా ఆమె చేతి కిందికి వచ్చింది. అన్నూరు మొదలు పొల్లాచ్చి దాకా ఆమె చూపిన చోట తవ్వని బావి లేదని చెప్పుకునేవారు. అందరూ అవ్వ అనేవారు. తూర్పున ఒకటి, పడమట ఒకటి మనిషి లోతు గోతులు తవ్వించింది. నేను గోతి గట్టున కూర్చుని, ఒక తొడ మీద బిడ్డను, ఇంకో తొడ మీద పలకను పెట్టుకున్నాను. పలక మీద కాగితం.

అవ్వ తూర్పు గోతిలోంచి ఒక పెళ్ల తెచ్చి నాలిక మీద పెట్టుకుంది. పక్కకు ఉమ్మింది.

"ఏమ్మే అమ్మణీ, దీని మీదనా యిల్లు కట్టేది?"

"అవునవ్వా. దొరసానిగారికి గాలి కావాలంట."

"గాలి కావాలంటే ఒక విసనకర్ర కొనియ్యమను. యిది కెట్ట నేల. యెండకి నోరు తెరుస్తాది, వానకి పొంగుతాది. పొంగినప్పుడు పైన ఉండేది గుడిసా, బంగళానా అని సూడదు. లేపి పారేస్తాది."

"మరి పడమట?"

"అది గెట్టి నేల. పైన కొంజం గలగల అంటాది గాని, రెండు మూరలు పోతే రాయి మాదిరి. అక్కడ కడితే నీ మనవరాలి మనవరాలు కూడా ఆ గోడకి ఆనుకోని పేలు సూపించుకుంటాది. రాసుకో."

కాగితంలో ఒక్కో నేలకు ఒక్క మాటే రాసుకున్నాను. సరిగ్గా ఆ క్షణంలో నా కూతురు పాలకోసం ఏడుపు అందుకుంది.

ఇక్కడ మీకు ఒక అక్షరం సంగతి చెప్పాలి. తెలుగులో గట్టిగా ఉన్నదాన్ని మావైపు గెట్టి అంటాం. చెడ్డదాన్ని కెట్ట అంటాం, అది అరవం నుంచి తెచ్చుకున్న మాట. మాట్లాడేటప్పుడు ఏ పసివాడూ పొరబడడు. తమిళ లిపిలో రాస్తే గకూ కకూ ఒకటే అక్షరం. రెండు మాటల్లో మొదటి అక్షరాలన్నీ అచ్చంగా ఒకటే. తేడా అంతా చివర, ఇకారం కోసం పైన చుట్టే చిన్న కొక్కెం. కొక్కెం ఉంటే గట్టి, లేకపోతే చెడ్డ. తెలుగువాళ్లు ఆ గుర్తును గుడి అంటారని తర్వాత తెలిసింది. బిడ్డను సర్దుకునే తొందరలో నేను పడమటి నేలకు గుడి పెట్టడం మరిచిపోయాను. మిషను కాంపౌండులో గుడి లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు.

అవ్వ అడుగున అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నిశానీ పెట్టింది. నేను కాగితం మున్షీగారి బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి పోయి బిడ్డకు పాలిచ్చాను.

పది రోజుల తర్వాత తూర్పు పొలంలో సున్నంతో పునాది గీతలు గీశారు.

చూసి నేను తెల్లబోయాను. దొరసానిగారి గాలే నెగ్గిందనుకున్నాను. అంతలో అవ్వ వచ్చింది, పునాది కందకాలు తవ్వడానికి ముఠాతో సహా పిలిపించారట. సున్నపు గీతను కాలి బొటనవేలితో తట్టింది.

"యిదేంది?"

మున్షీగారు అవ్వతో తమిళంలో, "నువ్వు చెప్పిన చోటేగా, పాటీ. ఇక్కడే గట్టి నేల అని నువ్వే చెప్పావు. నిశానీ కూడా పెట్టావు," అన్నారు.

మున్షీగారి పండిత తమిళం అవ్వకు అందలేదు, నా వైపు తిరిగింది. "ఏమంటాడు ఆయన?"

చెప్పాను. అవ్వ సున్నమంటిన బొటనవేలు నేలకు రుద్దింది. తర్వాత మెల్లగా నవ్వింది, ఆ నవ్వు కన్నా చెంపదెబ్బ నయం.

"మాకు సదువు రాదు అమ్మణీ. అందుకే మేము యీ పక్క అని సెప్తే అది యీ పక్కనే ఉంటాది. మీ సదువుకి కాళ్లు ఉన్నట్టుండాది, అది నడిసి ఆ పక్కకి పోయింది. నా గీత మాత్రం దాని కిందనే ఉండాదా?"

"ఉంది అవ్వా."

"రేపు గోడ పడితే, ముసల్ది సెప్పింది, పిల్లోళ్లు సచ్చిరి అంటారు. యీ పని నేను ముట్టను." ముఠాను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. దొరగారు మర్నాడే వేరేవాళ్లను పిలిపించారు. కూలి కోసం వచ్చినవాళ్లు నేల గురించి అడగలేదు.

నేను మున్షీగారి బల్ల దగ్గరికి పోయి నా చిత్తుప్రతి అడిగి తీసుకున్నాను. నా చేతిరాతే. తూర్పుకు కెట్ట. పడమటికి కూడా కెట్ట. కొక్కెం ఒక్కదానికీ లేదు. మున్షీగారి శుభ్రప్రతిలో తూర్పు మీద చక్కటి కొక్కెం, నెమలి తలలాగా.

"అయ్యా, ఇది మీరెందుకు పెట్టారు?"

మున్షీగారు మంచివారు. ఎవరినీ నొప్పించరు, ముఖ్యంగా జీతమిచ్చేవారిని. ఆయన గొంతు తగ్గించి, "చూడు తంగచ్చీ, నా చెల్లెలివంటిదానివి. రెండూ కెట్ట నేలే అని దొర ముందు పెడితే ఏమవుతుంది? ఈ భూమి కొన్నది ఎవరు? దొర. అప్పుడు కొన్నవారు ఏమవుతారు? అందుకని ఒకటైనా మంచిది అయి తీరాలి. ఏది మంచిది అయితే ఇంట్లో అందరూ సుఖంగా ఉంటారో దానికి పెట్టాను," అన్నారు.

"నన్ను ఒక్క మాట అడిగి ఉండొచ్చు గదా."

"అడగడానికే వచ్చాను. నువ్వు బిడ్డకు పాలిస్తున్నావు. అలాంటప్పుడు మగవాడు పిలవవచ్చా? పరవాయిల్లమ్మా, పెద్ద తప్పేమీ కాదు. ఒక కొక్కెమే గదా."

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నా మరుపు, ఆయన మర్యాద చేతులు కలిపి ఇరవై ఇద్దరు పిల్లలకు ఇల్లు చూపించాయి.

చెల్లెళ్లారా, ఆ సాయంత్రమే నేను దొరగారి బంగళాకు పరుగెత్తి ఉంటానని మీరు అనుకుంటూ ఉంటే, నా గురించి మీకున్న గౌరవానికి కృతజ్ఞతలు. నేను ఆరు రోజులు నోరు విప్పలేదు. చెబితే తప్పు నాదని తేలుతుంది. తప్పు నాదని తేలితే ఆ రెండు గదులు పోతాయి. మా ఆయనతో చెప్పాను. ఆయన కాంపౌండరు గదా, ఏ మందైనా పూటకింత చొప్పున ఇవ్వడం అలవాటు.

"చెప్పాలి, తప్పకుండా చెప్పాలి," అన్నారు. "కాని ఈ రోజు దొరగారికి తలనొప్పి. రేపు చెప్పు."

మర్నాడు దొరసానిగారికి తలనొప్పి. ఆ మర్నాడు ఆదివారం. ఆ తర్వాత రోజు కందకం మోకాలి లోతు అయింది. నేను రోజూ పోయి చూసి వచ్చేదాన్ని. ఎండకు బిగిసిన నేల ఎంత నమ్మకంగా కనిపించేదంటే, అవ్వే పొరబడిందేమో, దీపావళి నాటి ఐప్పసి వాన ఈ ఏడు తక్కువ పడుతుందేమో అని కూడా అనుకున్నాను. మనిషి తన సౌకర్యం కోసం వానను కూడా తగ్గించగలడు.

ఏడో రోజు దొరగారు నన్ను పిలిచి ఇంటి పటం చూపించారు. ఆయన స్వయంగా గీసింది, ముచ్చటగా ఉంది. పిల్లల చాపలు తూర్పు గోడ వారగా వరుసగా గీశారు. ఒక్కొక్క చాపకు ఒక చిన్న గీత, ఇరవై రెండు గీతలు. చివర నా గది. అందులో దూలానికి ఒక చుక్క పెట్టారు.

"ఇది యేమని యడుగవా? నీ శిశువుయొక్క ఉయ్యాల వ్రేలాడు స్థలము. గోడ పక్కనే. గాలి బాగుగా వచ్చును."

ఆయన ఎంతో దయగా చెప్పారు. ఆ దయే నన్ను చంపింది. ఆ చుక్క పక్కన ఉన్న గోడ గీత వానలో మెల్లగా లోపలికి వంగడం నాకు కాగితం మీదే కనిపించింది. ముందుగా మేలుకునేది ఎవరు, ఏ పిల్లను ముందు లాగాలి, నా బిడ్డనా, ఐదేళ్లదాన్నా, ఇదంతా ఒక్క క్షణంలో లెక్క వేసేశాను. తల్లి అయ్యాక నాకు అబ్బిన విద్య అదొక్కటే.

"దొరగారూ, ఆ కాగితంలో తప్పు ఉంది. తప్పు నాది. అవ్వ చెడ్డదని చెప్పింది ఈ నేలనే."

మొత్తం చెప్పాను, మున్షీగారు పెట్టిన కొక్కెం తప్ప. మున్షీగారి జీతం మీద ముగ్గురు ఆడపిల్లలు బతుకుతున్నారు. దొరగారు ఓపికగా విన్నారు. తర్వాత లేచి వంగిన చువ్వ తెచ్చి నా ముందు పెట్టారు.

"చువ్వ అబద్ధమాడునా?"

"చువ్వ వేసవి సంగతి చెబుతుందండీ. వాన సంగతి దానికి తెలియదు."

"నీవు అలసియున్నావు. శిశువు గల స్త్రీకి నిద్ర తక్కువ, భయము ఎక్కువ. ఇంటికి పొమ్ము."

ఇంటికి పోలేదు. రెండు మైళ్లు నడిచి అవ్వ ఉండే గుడిసెలకు పోయాను, బిడ్డ చంకలో. అవ్వ గునపానికి పిడి బిగిస్తోంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"తప్పు నాదేనవ్వా. దొరకు చెప్పాను. నమ్మలేదు."

"నువ్వు సెప్తే యెట్ల నమ్ముతాడు? నేల సెప్పాల." అప్పుడు తల ఎత్తింది. "బిడ్డని యెండలో యింత దూరం యెత్తుకొస్తివా? బుద్ధి లేదు నీకు. కూసో. తణ్ణి తాగు. కుమ్మరోడి దగ్గర రెండు కొత్త కుండలు తెప్పిస్తాను, రేపు వస్తాను."

మర్నాడు ఉదయం అవ్వ రెండు కుండలతో దొరగారి వరండా మెట్లు ఎక్కింది. ఆ మెట్లు అలాంటివాళ్లు ఎక్కడం అదే మొదటిసారి కాబట్టి నౌకర్లకు అదే పెద్ద వింత, కుండల వైపు ఎవరూ చూడలేదు. రెండూ ఒకే రకం, ఇరుకు మూతివి. ఒకదాంట్లో తూర్పు మన్ను, ఇంకోదాంట్లో పడమటి మన్ను, రెండూ ఎండినవే, పొడి చేసి రోకలితో దట్టంగా కూరింది. రెండింట్లోనూ నీళ్లు పోసింది. ఇంకినకొద్దీ మళ్లీ పోసింది. మూతుల మీద రాతి పలకలు పెట్టి తాళ్లతో బిగించింది.

"దొరతో సెప్పు అమ్మణీ, రేపు తెల్లారి సూసుకోమను. ముట్టుకోవద్దు."

దొరగారు నవ్వారు గాని, ఆయన న్యాయం తెలిసిన మనిషి. ఎవరూ మోసం చేయకుండా తాడు ముళ్ల మీద లక్క వేసి తన ఉంగరంతో ముద్ర కొట్టారు. మన్నుకు సీలు వేయడం ఆ జిల్లాలో అదే మొదలు అనుకుంటాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి దొరగారు, దొరసానిగారు, మున్షీగారు వరండాలో నిలబడి ఉన్నారు. పడమటి మన్ను కుండ ఎలా పెట్టిందో అలాగే ఉంది. తూర్పు మన్ను కుండ మూడు చీలికలై పక్కకు పడి ఉంది. ముద్ర చెక్కుచెదరలేదు, కుండే దాని కింద నుంచి తప్పుకుంది. నల్లటి ముద్ద కుండ ఆకారంలో, కుండ కన్నా లావుగా, దొరగారి ఇంట్లో కాల్చే రొట్టెలాగా నిలబడి ఉంది.

"కుండ బలహీనమైనది కావచ్చును," అన్నారు దొరగారు.

అవ్వకు తెలుగు చేసి చెప్పాను. "అట్లనా? అయితే కుండలు మార్చి మన్ను పొయ్యమను. ఆయనే కొనుక్కోని రమ్మను, ఆయనే దంచమను."

దొరగారు నిజంగానే బజారుకు మనిషిని పంపి వేరే కుండలు తెప్పించారు. చొక్కా చేతులు మడిచి స్వయంగా దంచారు. ఆ మర్నాడు ఆయన కూరిన కుండ కూడా పగిలింది, ఈసారి నాలుగు చీలికలు. ఆయన చేతిబలం ఎక్కువ గదా.

ఆయన ఆ చీలికల పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తర్వాత పుస్తకం మూసి లోపల పెట్టి వచ్చారు. "కందకము పూడ్చుడి. గృహము పడమట." అంతే అన్నారు. దొరసానిగారు కొండల వైపు ఒకసారి చూసి లోపలికి పోయారు. ఆ తర్వాత ఆమె నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడలేదు. ఆమె గాలిని నేనే దొంగిలించినట్టు చూసేవారు.

కొత్త వాంగ్మూలం రాశారు. అవ్వ నిశానీ పెట్టే ముందు కాగితం నా చేతికిచ్చి మూడుసార్లు చదివించింది. మూడోసారి నడిమధ్య ఆపి, "యిప్పుడు తూర్పు మాట మల్లీ సెప్పు," అంది. చెప్పాను. పాత కాగితం చింపితే గాని గీత గీయనంది. దొరగారు చింపడానికి వీల్లేదన్నారు, దస్తావేజు గదా. చివరికి పాత కాగితంలో ఆమె నిశానీ ఉన్న మూల కత్తిరించి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని నోట్లో వేసుకుని నమిలి మింగేసింది.

"యిప్పుడు నా మాట నాలోకి వచ్చేసింది," అని కొత్తదాని మీద గీత గీసింది.

ఇంగ్లీషులో పోయిన నివేదికను నేను చూశాను. దొరగారు రెండు పాత్రలతో నేలను పరీక్షించే ఒక సులభమైన పద్ధతిని కనిపెట్టారని అందులో ఉంది. ముందు కాగితంలోని పొరపాటును మున్షీగారు సకాలంలో గమనించినందుకు మెచ్చుకోలు కూడా ఉంది. పొరపాటు చేసినవారి గురించి ఒక వాక్యం. శిశువు గల స్త్రీ రాతపనికి తగదని.

నన్ను తీసేశారని ఎవరూ అనలేదు. "నీ మొదటి ధర్మము నీ గృహము," అన్నారు దొరగారు, అదే దయతో. గృహం అంటే తేళ్లు పడే ఆ అద్దె గది. పిల్లలను చూసుకునే పని, ఆ రెండు గదులు, మున్షీగారి వదినగారికి వెళ్లాయి. ఆమె పిల్లలు పెద్దవాళ్లు. అప్పుడే మా ఆయన్ను తెలుగు అక్షరాలు నేర్పమన్నాను. ఆయన గుణింతం పూటకొకటి చొప్పున నేర్పారు.

ఇల్లు పడమట లేచింది. అవ్వ ముఠాయే పునాది తవ్వింది. ఐప్పసి నెల రాకముందే పిల్లలు గుర్రాలశాల వదిలి అందులోకి మారారు. ఆ ఏడు వాన నేను కోరుకున్నంత తక్కువేమీ పడలేదు. మొదటి పెద్ద వాన మూడు రోజులు కురిసింది. ఆ మూడు రోజులూ మా గదిలో బిడ్డను పొట్ట మీద పడుకోబెట్టుకుని, పడమటి నేల మీద అవ్వ చెప్పిందాన్ని మనసులో తిరగేస్తూ గడిపాను. నేను ఒక అక్షరం మరిచిపోయినదాన్ని. ఇంకేదన్నా మరిచిపోయానేమో ఎవరికి తెలుసు?

నాలుగో రోజు ఎండ కాసింది. బిడ్డను చంకనెత్తుకుని పోయాను. తూర్పు పొలం ఉబ్బి, పూడ్చిన కందకాల మీద మన్ను కడుపుతో ఉన్నట్టు లేచింది. ఒక కొబ్బరికాయల బండి అడ్డదారి అనుకుని అటు తిరిగి ఇరుసు దాకా దిగబడింది. ఇద్దరు మనుషులు, నాలుగు ఎద్దులు దానితో కుస్తీ పడుతున్నారు.

కొత్త ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. నాలుగు గోడలూ చేత్తో తడిమి చూశాను. మున్షీగారి వదినగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమి ఇల్లమ్మా ఇది," అన్నారు. "గాలి లేదు, వెలుతురు లేదు, వంటింటి పొగంతా ఇక్కడికే. ఆ తూర్పున కట్టి ఉంటే ఎంత బాగుండేది. ఎవరో తెలివిలేనివాళ్లు చెడగొట్టారట."

"అవునండీ, నేనూ విన్నాను," అన్నాను.

పిల్లలు బడిలో ఉన్నారు. రాత్రి చెమ్మ ఆరడానికి వాళ్ల చాపలు పెరట్లో ఎండలో పరిచారు. బిడ్డను దించకుండానే ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇరవై రెండూ ఉన్నాయి.